ఐదో గ్రేడు మంగతాయారు

తాటాకు ఉత్పత్తుల అభివృద్ధి మండలిలో గ్రేడు వెయ్యని వస్తువంటూ లేదు. విసనకర్ర వస్తే గ్రేడు, బుట్ట వస్తే గ్రేడు, చాప వస్తే గ్రేడు. సున్నా నుంచి ఐదు దాకా ఉంటాయి. సున్నా అంటే అల్లిక కుదరలేదు, విప్పి మళ్ళీ అల్లుకురమ్మని. ఒకటంటే ఊళ్ళో సంతకి పనికొస్తుంది. ఐదంటే ఎగుమతి సరుకు, దానికి బంగారు రంగు చీటీ అంటించి అద్దాల బీరువాలో పెడతారు. మండలి పుట్టి నలభై ఏళ్ళయింది కనక ఈ అలవాటు బాగా ముదిరి, కనిపించినదానికల్లా గ్రేడు వేసే దాకా వెళ్ళింది. క్యాంటీను ఉప్మాకి రెండు. గేటు దగ్గర వాచ్‌మన్ పెట్టే నమస్కారానికి నాలుగు. పోయినేడాది కాలం చేసిన సూపరింటెండెంటు గారి సంతాపసభకి కూడా, మౌనం మధ్యలో ఎవరిదో ఫోను మోగిందన్న కారణంతో, మూడు వేశారు.

అలాంటి ఆఫీసులో గొలకోటి మంగతాయారు ఇరవై మూడేళ్ళుగా ఇన్వర్డు గుమాస్తా. బయటి నుంచి వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి, రిజిస్టరులో ఎక్కించడం ఆవిడ పని. ఆవిడకి ఒక జబ్బుంది. కాలమ్‌లో ఏం అడిగితే అదే రాస్తుంది, ఉన్నదే రాస్తుంది. ఒకసారి ఏదో ఫైలు గోదాములోంచి తిరిగొస్తే, ‘ఫైలు స్థితి’ అన్న గడిలో అందరూ రాసినట్టు ‘బాగున్నది’ అని రాయకుండా, ‘కుడివైపు కింది మూల ఎలుకలు కొరికినవి, లోపల ఒక పిల్ల కలదు’ అని రాసింది. దానిమీద విచారణ జరిగి ముగ్గురికి ఇంక్రిమెంట్లు ఆగాయి. అప్పటినుంచీ ఆవిడ చేతికి కాగితం ఇవ్వాలంటే పెద్దపెద్దవాళ్ళకే జంకు.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం తలంటుకుంటూ ఉండగా మంగతాయారు చేతికి ఎడమ రొమ్ములో ఏదో తగిలింది. గట్టిగా, గుండ్రంగా, సరిగ్గా కుంకుడు గింజంత ఉంది. నొప్పి లేదు. మళ్ళీ తడిమింది, మళ్ళీ తగిలింది. కళ్ళలో కుంకుడు రసం పడి మండుతున్నా కడుక్కోవడం మరిచిపోయి అలాగే పీట మీద కూర్చుండిపోయింది. నలభై ఎనిమిదేళ్ళ వయసు, ఇంటి మీద అప్పు ఇంకా ఆరేళ్ళుంది, ఆడపిల్ల నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ఆవిడకి భయం వేసింది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున్న ఆవిడ బల్ల మీదికే ఒక సర్క్యులరు వచ్చింది. దేవుడే పంపినట్టనిపించింది పాపం.

మండలి మేనేజింగ్ డైరెక్టరు నిష్ఠల త్రివిక్రమరావు గారు ఈమధ్య రాజధానిలో ఒక సదస్సుకి వెళ్ళొచ్చారు. అక్కడ ఆయనకి గులాబీ రంగు రిబ్బను గుచ్చారు. అది గుచ్చుకున్నది చొక్కాకే అయినా లోపలిదాకా దిగింది. ఆ సర్క్యులరు సారాంశం ఇది: అక్టోబరు మాసమంతా రొమ్ము క్యాన్సరు అవగాహనా మాసంగా పాటించవలెను. నలభై దాటిన మహిళా ఉద్యోగులు, కార్మికులు మొత్తం రెండు వందల పన్నెండు మందికీ మామోగ్రామ్ పరీక్ష ఉచితంగా చేయించబడును. పరీక్ష యంత్రం గల వ్యాను కార్యాలయ ఆవరణకే వచ్చును. నూటికి నూరు శాతం లక్ష్యం సాధించవలెను. లక్ష్యసాధనలో అలసత్వం వహించిన వారిపై తగు చర్య గైకొనబడును.

అక్టోబరు మొదటి రోజున మండలి ఆవరణ అంతా గులాబీమయం అయిపోయింది. ఆడవాళ్ళకి గులాబీ చీరలు, మగవాళ్ళకి గులాబీ తలపాగాలు. గోదాములో అమ్ముడుపోని మూడు వేల విసనకర్రలకి గులాబీ రంగు కొట్టి పంచారు. తర్వాత త్రివిక్రమరావు గారు అందరిచేతా చెయ్యి చాపించి ప్రతిజ్ఞ చేయించారు. మండలి ఆవరణలోకి రొమ్ము క్యాన్సరును ఎట్టి పరిస్థితుల్లోనూ రానివ్వబోమని అందరూ ముక్తకంఠంతో చెప్పారు. వాచ్‌మన్ కాస్త గట్టిగానే చెప్పాడు, గేటు బాధ్యత అతనిది కనక.

వ్యాను తెల్లగా, చల్లగా ఉంది. లోపల యంత్రం నడిపే అమ్మాయి మంచిపిల్ల. బయట వరసలో ఉన్నవాళ్ళకి ఓపిగ్గా చెబుతోంది. రెండు పలకల మధ్య రొమ్ముని కాసేపు గట్టిగా నొక్కి ఫొటో తీస్తుందట, ఒక్కోవైపు రెండేసి, మొత్తం నాలుగు. నొక్కినప్పుడు కాస్త నొప్పిగా ఉంటుంది గానీ అరనిమిషం కూడా పట్టదట. చేతికి తగలనంత చిన్నది కూడా అందులో కనిపించొచ్చట, అందుకే ఏ బాధా లేకపోయినా ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి తీయించుకోవాలట. మంగతాయారు అన్నీ విని, ధైర్యం తెచ్చుకుని, దరఖాస్తు నింపింది. అందులో ముప్ఫై నాలుగు గడులున్నాయి. పదకొండో గడిలో ‘రొమ్ములో గడ్డ ఏమైనా ఉన్నదా?’ అని ఉంది. ముందున్న వాళ్ళందరూ చదవకుండానే ‘లేదు, లేదు, లేదు’ అని వరసగా గీకేశారు. మంగతాయారు మాత్రం శుభ్రమైన అక్షరాలతో ‘ఉన్నది. ఎడమవైపు. కుంకుడు గింజంత’ అని రాసింది.

వ్యాను మెట్టు మీద కాలు పెట్టబోతూ ఉండగా సంక్షేమాధికారి చామర్తి అనంతపద్మనాభం గారు దరఖాస్తు చూసి అడ్డం వచ్చారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఆవిణ్ణి పక్కకి పిలిచి, చిన్నపిల్లకి ఎక్కం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

“మంగతాయారు గారూ, స్క్రీనింగు అంటే ఏమిటమ్మా? వెతకడం. వెతకడానికి మండలి నిధులు మంజూరు చేసింది. మీకు దొరికేసింది. దొరికేసినదాన్ని వెతకడానికి ఖర్చు పెడితే రేపు ఆడిటు వాళ్ళకి నేనేం జవాబు చెప్పుకోను?”

“అంటే గడ్డ లేనోళ్ళకి పరీక్షా, ఉన్న నాకు లేదా అండి?” అంది మంగతాయారు.

ఉన్నవాళ్ళకి వేరే పథకం ఉందని ఆయన సంతోషంగా చెప్పారు. దాని పేరు చికిత్సా పథకం. అందులో పరీక్ష ఖర్చు తిరిగిస్తారు, అయితే పరీక్షలో జబ్బు ఉన్నట్టు తేలితేనే. లేదని తేలితే అనవసరపు పరీక్ష కింద లెక్క, సొంత ఖర్చు. పైగా పరీక్షకి ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతికి జబ్బు ఉన్నట్టు రుజువు జతచెయ్యాలి. రుజువు ఎక్కడినుంచి వస్తుందని మంగతాయారు అడిగితే, పరీక్ష నుంచి వస్తుందని ఆయన తడుముకోకుండా చెప్పారు. చెప్పినదాంట్లో తేడా ఉందని ఆయనకే తోచిందేమోనని మంగతాయారు ఆయన మొహంలో వెతికి చూసింది గానీ, అక్కడ ఏమీ దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భర్త వీర్రాఘవులుకి సంగతంతా చెప్పేసింది. రైసుమిల్లులో తూకాల దగ్గర పనిచేసే మనిషి, మాట తక్కువ.

“మనం బయట తీయించేసుకుందాం మంగా. రెండు వేల ఐదొందలే కదా. రేపే పోదాం పద.”

మంగతాయారు లోపలికెళ్ళి వైద్య నిబంధనల పుస్తకం తెచ్చి పన్నెండో నిబంధన చదివి వినిపించింది. ముందస్తు అనుమతి లేకుండా కనుగొన్న వ్యాధిని, సదరు వ్యాధి యొక్క తదుపరి దశలతో సహా, మండలి పరిగణించదు. అంటే బయట రెండు వేల ఐదొందలు పెట్టి జబ్బు కనిపెడితే, ఆ తర్వాత ఆపరేషనూ మందులూ రేడియేషను కరెంటూ కలిపి ఆరేడు లక్షలు తామే పెట్టుకోవాలి. ఆరేడు లక్షలంటే ఇల్లు పోవడమే. ఆ నిబంధన చివర చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం కూడా ఉంది. వైద్య పరీక్ష రిపోర్టును మేనేజింగ్ డైరెక్టరు వారే స్వయంగా పరిశీలించి లిఖితపూర్వకంగా ఆమోదించిన యెడల, పై షరతులేవీ వర్తించవు. అది చదివి మంగతాయారు నిట్టూర్చింది. త్రివిక్రమరావు గారు వచ్చిన నాలుగేళ్ళలో ఏ కాగితం మీదా ఆమోదించానని రాసిన పాపాన పోలేదు. ‘చూశాను’ అని రాసి కింద సంతకం పెడతారు. రేపు ఏదైనా తేడా వస్తే చూడటం నేరం కాదు కదా.

మర్నాడు మండలి జాబితాలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళి డాక్టర్ మెహరున్నీసా గారికి చూపించుకుంది. ఆవిడ చేత్తో పరీక్ష చేసి, సూటిగా మాట్లాడింది. ఇలాంటి గడ్డలు పదింట్లో ఎనిమిది మామూలువే, భయపడొద్దని చెప్పింది. కానీ ఏ ఎనిమిదో, ఏ రెండో చేత్తో చెప్పడం ఎవరి తరమూ కాదంది. మామోగ్రామ్ తీయాలి, స్కానింగు చెయ్యాలి, అవసరమైతే సూదితో ముక్క తీసి చూడాలి. మామోగ్రామ్‌లో ఏమీ లేదని వచ్చినా, చేతికి గడ్డ తగులుతుంటే వదిలెయ్యకూడదంది. గడ్డ లేదని ఒక సర్టిఫికెట్టు ఇస్తే ఆఫీసులో పరీక్ష చేస్తారని మంగతాయారు సిగ్గు చంపుకుని అడిగితే, ఆవిడ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నది.

“గడ్డ ఉంది గనక పరీక్ష చెయ్యమని నేను రాసిస్తానమ్మా. లేదు గనక చెయ్యమని ఎలా రాయను? మీరు మాత్రం ఆలస్యం చెయ్యకండి. చిన్నగా ఉండగా దొరకడమే సగం వైద్యం.”

మంగతాయారు ఆఫీసుకొచ్చి, జీవితంలో మొదటిసారి ఒక అబద్ధం రాయడానికి సిద్ధపడింది. పదకొండో గడిలో ‘ఉన్నది’ కొట్టేసి ‘లేదు’ అని రాసుకుంటానని పద్మనాభం గారిని అడిగింది. ఆయన అదిరిపడ్డారు. ఒకసారి దాఖలైన రికార్డును దిద్దడం నేరమనీ, ఇరవై మూడేళ్ళ సర్వీసున్న మనిషి నోట ఇలాంటి మాట వస్తుందని అనుకోలేదనీ అన్నారు. ఉన్న గడ్డ పోయినట్టు రుజువు తెస్తే అప్పుడు పరిశీలిస్తామన్నారు. ఆ రుజువుకి ఏం కావాలో ఆవిడ అడగలేదు. ఆవిడకి తెలిసిపోయింది.

అలా పదిహేను రోజులు గడిచాయి. ఆవిడ రోజూ పొద్దున్నే స్నానాల గదిలో తడిమి చూసుకునేది. కుంకుడు గింజ అక్కడే ఉండేది. ఆఫీసుకొచ్చి ఇతరుల కాగితాలకి నంబర్లు వేసేది. చీటికీమాటికీ కోపం వచ్చేది. ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక తేదీ ముద్రని బల్ల అదిరేలా కొట్టేది.

అక్టోబరు ఇరవయ్యో తారీఖున పద్మనాభం గారే ఆవిడ బల్ల దగ్గరికి వచ్చారు, అదీ పాలిపోయిన మొహంతో. నెలాఖరున మంత్రిగారు వస్తున్నారు. వేదిక మీద నూటికి నూరు శాతం సాధించామని త్రివిక్రమరావు గారు ప్రకటించాలి. రెండు వందల పదకొండు మందికి పరీక్ష అయిపోయింది. మిగిలింది ఒక్క మంగతాయారు. నూటికి తొంభై తొమ్మిదిన్నర శాతాన్ని మంత్రిగారి ముందు ఎలా పెడతారు?

“ఎలాగైనా మీరు పరీక్ష చేయించుకోవాలమ్మా. మండలి పరువు మీ చేతుల్లో ఉంది” అన్నారాయన, ఇన్నాళ్ళూ మెట్టు ఎక్కనివ్వనిది ఇంకెవరో అయినట్టు.

గడ్డ సంగతేమిటని మంగతాయారు అడిగింది. దానికి మార్గం ఆలోచించే వచ్చానన్నారు.

మర్నాడు నలుగురు సభ్యుల కమిటీ కూర్చుంది. సంక్షేమాధికారి, అకౌంట్సు అధికారి, సివిల్ ఇంజనీరు, క్యాంటీను మేనేజరు. స్థల పరిశీలన చెయ్యకుండా ఏ తీర్మానం మీదా సంతకం పెట్టే అలవాటు తనకి లేదని ఇంజనీరు మొరాయించాడు. మిగతా ముగ్గురూ కళ్ళెర్రజేసేసరికి తల దించుకుని, తన అసమ్మతిని నమోదు చెయ్యమని మాత్రం అడిగాడు. మూడు ఓట్లతో తీర్మానం నెగ్గింది. ‘శ్రీమతి మంగతాయారు గారి దరఖాస్తులో పేర్కొనబడిన గడ్డను, ప్రజాప్రయోజనం దృష్ట్యా, లేనట్టుగా భావించడమైనది.’

ఆ కాగితం ఇన్వర్డుకి వచ్చింది. నంబరు మంగతాయారే వేసింది. ముద్ర కొడుతుంటే చేతికి ఆ గింజ మళ్ళీ తగిలినట్టయింది.

మొత్తానికి వ్యాను ఎక్కింది. నొప్పి పుట్టింది గానీ ఆ అమ్మాయి చెప్పినట్టే అరనిమిషంలో అయిపోయింది. అప్పటిదాకా ఏదో కబురు చెబుతున్న అమ్మాయి ఎడమవైపు బొమ్మని దగ్గరికి జరిగి మళ్ళీ చూసింది. ఇంకో రెండు బొమ్మలు తీసి, రేపే డాక్టరమ్మగారిని కలవండి అని మాత్రం చెప్పింది.

మెహరున్నీసా గారు దాపరికం లేకుండా చెప్పింది. ఈ రిపోర్టులకి సున్నా నుంచి అంకెలుంటాయి. ఒకటి, రెండు అంటే భయం లేదు. మూడంటే ఆరు నెలలకి మళ్ళీ చూడాలి. సున్నా అంటే బొమ్మ సరిపోలేదు, ఇంకా తీయాలి. నాలుగు అంటే అనుమానం. మంగతాయారుకి ఐదు వచ్చింది. ఐదంటే దాదాపుగా క్యాన్సరే అనుకోవాలి, సూదితో ముక్క తీసి రూఢి చేసుకుని వెంటనే ఆపరేషను చెయ్యాలి. గడ్డ చిన్నది, చంకలోకి పాకినట్టు లేదు, ఇప్పుడే చేస్తే రొమ్ము కూడా తీసెయ్యక్కర్లేకుండా నయమయ్యే అవకాశం బాగా ఉందని ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పింది. మంగతాయారు బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. వీర్రాఘవులు పక్కన నిలబడి, చేతిలోని మంచినీళ్ళ సీసా మూత తీస్తూ పెడుతూ ఉండిపోయాడు.

చికిత్సకి అనుమతి కోరుతూ అదే రోజు దరఖాస్తు పెట్టింది. రెండోరోజుకి తిరిగొచ్చింది. ‘సదరు గడ్డ లేనట్టుగా మండలి కమిటీ ఇదివరకే తీర్మానించి ఉన్నందున, లేని గడ్డకు శస్త్రచికిత్స మంజూరు చేయుటకు వీలుపడదు.’ కింద పద్మనాభం గారి సంతకం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. అది చదివాక ఆవిడకి ఏడుపు ఆగిపోయింది. ఆ మనిషిని అక్కడికక్కడే రిజిస్టరుతో కొట్టాలనిపించింది. రిజిస్టరు బరువైనదే.

ఇంతలో అసలు కథ పై అంతస్తులో నడుస్తోంది. రెండు వందల పన్నెండు రిపోర్టులూ ఒక కట్టగా మండలికి చేరాయి. ఒకరి ఒంటి సంగతి ఇంకొకరు చూడకూడదన్న ధ్యాస ఎవరికీ లేదు. కాగితాల మీద సున్నా నుంచి ఐదు దాకా అంకెలున్నాయి గనక, అలవాటు ప్రకారం వాటిని నాణ్యతా విభాగానికి పంపారు. ఆ విభాగం వాళ్ళు నలభై ఏళ్ళుగా విసనకర్రల మీద కొట్టే ముద్రలే వాటి మీదా కొట్టి, పట్టిక తయారుచేసి త్రివిక్రమరావు గారి ముందు పెట్టారు. ఒకటో గ్రేడు నూట ముప్ఫై ఒక్క మంది. రెండో గ్రేడు అరవై రెండు. మూడో గ్రేడు తొమ్మిది. సున్నాలు తొమ్మిది. ఐదో గ్రేడు ఒక్కరు.

ఆయన నిర్ఘాంతపోయారు. సగటు ఒకటిన్నర కూడా లేదు. ఇంత డబ్బు పోసి, ఇన్ని గులాబీ తలపాగాలు కట్టించి, సాధించింది సంత సరుకా అని మండిపడ్డారు. ఒకటో గ్రేడు వచ్చిన నూట ముప్ఫై ఒక్క మందికీ మెమోలు వెళ్ళాయి. ‘మీ యొక్క రొమ్ము ఆరోగ్యము మండలి ఆశించిన ప్రమాణములకు తగినట్లు లేదని గమనించడమైనది. ఆరు మాసములలో మెరుగుదల చూపవలెను.’ టైపిస్టు చంద్రావతి ఆ మెమో తనే టైపు చేసి, తన పేరు వచ్చేసరికి వెక్కివెక్కి ఏడ్చింది. మూడో గ్రేడు వచ్చిన తొమ్మిది మందిలో ఒకావిడ స్వీట్లు పంచింది. సున్నాలు వచ్చినవాళ్ళని మాత్రం, విప్పి మళ్ళీ అల్లుకురమ్మన్న పద్ధతిలోనే, వారం రోజుల్లో మళ్ళీ పరీక్ష చేయించుకుని తీరాలని ఆదేశించారు. మెహరున్నీసా గారు తర్వాత ఆ ఆదేశం చూసి, ఆ మండలి చరిత్రలో వైద్యపరంగా సరైన ఉత్తర్వు ఇదొక్కటే అంది.

ఇక ఐదో గ్రేడు ఎవరిదని ఆయన ఆరా తీశారు. ఇన్వర్డు గుమాస్తా అని తెలిసింది. చివరి నిమిషంలో పరీక్ష చేయించుకుని మండలి పరువు నిలిపిన మనిషి కూడా ఆవిడేనని తెలిసి ఆయన కళ్ళు చెమర్చాయి.

అక్టోబరు ముప్ఫై ఒకటిన సభ. గులాబీ పందిరి, గులాబీ తివాచీ. మంత్రిగారి చేతిలో గులాబీ విసనకర్ర. చందాలు వేసుకుని కొన్న శాలువా కూడా అదే రంగు. పేరు పిలిచేసరికి మంగతాయారు ఎందుకు పిలుస్తున్నారో తెలియక వేదిక ఎక్కింది. త్రివిక్రమరావు గారు మైకు ముందు నిలబడి, నలభై ఏళ్ళ మండలి చరిత్రలో మానవ వనరుల విభాగం సాధించిన తొలి ఎగుమతి గ్రేడు ఇదేనని ప్రకటించారు. రెండు వందల పదకొండు మంది మహిళలూ ఈమెను ఆదర్శంగా తీసుకుని వచ్చే ఏడాదికి ఐదో గ్రేడు సాధించాలని పిలుపునిచ్చారు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో అతిథిగా కూర్చున్న మెహరున్నీసా గారు లేచి నిలబడి, “ఆపండి, ఆ అంకెకి అర్థం అది కాదు” అంటూ మొదలుపెట్టబోయింది. సాంకేతిక విషయాలు కార్యక్రమం చివర ప్రశ్నోత్తరాల సమయంలో తీసుకుంటామని పద్మనాభం గారు ఆవిణ్ణి మర్యాదగా కూర్చోబెట్టారు.

మంగతాయారుకి ఒళ్ళు మండిపోయింది. నాలుగు వారాలుగా గొంతులో ఉన్నదంతా ఆ మైకులోనే కక్కెయ్యాలనుకుంది. శాలువా కప్పారు. చేతిలో చట్రం కట్టిన ప్రశంసాపత్రం పెట్టారు. నోరు తెరవబోతూ, ఇరవై మూడేళ్ళ అలవాటు కొద్దీ, ముందు చేతిలోని కాగితం చదివింది.

‘శ్రీమతి గొలకోటి మంగతాయారు గారి మామోగ్రామ్ రిపోర్టు, వరుస సంఖ్య 212, ఐదవ గ్రేడు, నేను స్వయంగా పరిశీలించి, సంపూర్ణ సంతృప్తితో యథాతథంగా ఆమోదించుచున్నాను.’ కింద మేనేజింగ్ డైరెక్టరు సంతకం. తేదీ. గుండ్రటి ముద్ర.

ఆవిడ ఇంకోసారి చదివింది. నోరు మూసుకుంది. మైకు ముందుకెళ్ళి, “ఈ కాగితం ఇచ్చినందుకు డైరెక్టరు గారికి నేనూ మా ఇంటాయనా జన్మంతా రుణపడి ఉంటాం అండి” అని చెప్పి, చప్పట్లు ఆగకముందే వేదిక దిగి, శాలువాతోనే తిన్నగా ఇన్వర్డు సెక్షనుకి నడిచింది.

చట్రం వెనక మేకులు ఊడబీకి కాగితం బయటికి తీసింది. నంబరు వేసింది. ముద్ర కొట్టింది. రిజిస్టరులో ఎక్కించింది. పన్నెండో నిబంధన చివరి వాక్యం ఒక తెల్లకాగితం మీద రాసి, ఆ ప్రశంసాపత్రానికి జతచేసి, సభ ముగించుకుని వస్తున్న పద్మనాభం గారి బల్ల మీద పెట్టింది.

ఆయన చదివారు. మొహంలో రంగు మారింది.

“ఇది బహుమాన పత్రం కదమ్మా.”

“రిపోర్టు నంబరు ఉందాండి?”

“ఉంది.”

“స్వయంగా పరిశీలించి ఆమోదించినట్టు ఉందాండి?”

“ఉంది గానీ, వారి ఉద్దేశం వేరు...”

“వారి ఉద్దేశం వేరు, వారికి ఆ అంకె అర్థం తెలీదు అని మీరు రాసి సంతకం పెట్టండి సార్. నేను ఇప్పుడే నంబరేసి పైకి పంపుతాను.”

ఆయన చాలాసేపు ఆ కాగితాన్నీ, పై అంతస్తు మెట్లనీ మార్చిమార్చి చూశారు. పదవీవిరమణకి ఆయనకి ఇంకా పద్నాలుగు నెలలుంది. ముక్క పరీక్షకీ, శస్త్రచికిత్సకీ, తదుపరి దశలన్నిటికీ మంజూరు ఉత్తర్వు పది నిమిషాల్లో తయారైంది. నాలుగు వారాలు కదలని ఫైలు పది నిమిషాల్లో కదిలిందంటే ఆ ఆఫీసులో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

ఆసుపత్రికి వెళ్ళబోయే ముందు మంగతాయారు భోజనాల గదికెళ్ళి ఆడవాళ్ళందరినీ పోగుచేసి ఆ అంకెల సంగతి విడమరిచి చెప్పింది. ఒకటి వచ్చినవాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చని, రెండేళ్ళు తిరక్కుండా మళ్ళీ తీయించుకోమని చెప్పింది. మూడు వచ్చి స్వీట్లు పంచినావిడ చేత ఆరు నెలల తర్వాతి తేదీ డైరీలో రాయించింది. చంద్రావతి మెమోని కళ్ళకద్దుకుని బ్యాగులో దాచుకుంది. ఆ సాయంత్రానికి మండలిలో ఆడవాళ్ళందరికీ ఆ అంకెల అర్థం తెలుసు. మండలికి మాత్రం తెలియదు, ఎందుకంటే ఎవరూ రాతపూర్వకంగా పంపలేదు.

ఆపరేషను అయింది. మందులెక్కించారు, కరెంటు పెట్టారు. జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త ఉంగరాలు తిరిగి. ఏడాది తిరిగేసరికి మంగతాయారు మళ్ళీ ఇన్వర్డు బల్ల ముందు కూర్చుంది. గులాబీ వ్యాను మళ్ళీ వచ్చింది. ఈసారి పదకొండో గడిలో నిజంగానే ‘లేదు’ అని రాసి ఎక్కింది.

రెండు వారాలకి ఆవిడ పేరుమీద ఒక మెమో వచ్చింది. ఎప్పట్లాగే ముందు నంబరు వేసి, తర్వాత చదివింది.

‘గత సంవత్సరము ఐదవ గ్రేడు సాధించి మండలి సత్కారము పొందిన మీరు, ఈ సంవత్సరము రెండవ గ్రేడునకు దిగజారినట్లు గమనించడమైనది. ఇంతటి పతనమునకు గల కారణములను మూడు రోజులలోగా సంజాయిషీ రూపమున తెలుపవలెను.’

రెండు. ఆపరేషను మచ్చ తప్ప ఇంకేమీ లేదని. మంగతాయారు ఆ కాగితాన్ని గుండెకి ఆనించుకుంది. దాని మీది ముద్ర సిరా ఆరకముందే కళ్ళనీళ్ళు పడి ఆ తేదీ కాస్త అలుక్కుపోయింది. తర్వాత వీర్రాఘవులుకి ఫోను చేసి మెమో మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించింది. ఆయన మిల్లులో తూకం ఆపేసి మళ్ళీ చదవమన్నాడు.

సంజాయిషీ ఆ మధ్యాహ్నమే రాసింది. కాలమ్‌లో ఏం అడిగితే అదే రాసే మనిషి కనక, ఉన్నదే రాసింది.

‘అయ్యా, నా గ్రేడు ఐదు నుంచి రెండుకి పడిపోయిన మాట వాస్తవం. దీనికి పూర్తి బాధ్యత డాక్టరు గారిది, నాది, తమరు సంతకం చేసిన కాగితానిది. ఇకముందు కూడా ప్రతి ఏటా పరీక్ష చేయించుకుంటూ, ప్రాణం ఉన్నంతకాలం ఐదో గ్రేడుకి మళ్ళీ ఎక్కకుండా శాయశక్తులా ప్రయత్నిస్తానని హామీ ఇస్తున్నాను.’

కాగితం పైకి వెళ్ళింది. మూడోరోజు తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఆకుపచ్చ సిరాతో ‘చూశాను’ అని ఉంది.